ఎన్‌బీఏ లెక్కలో లేని పన్నెండు సీజన్లు: కమిషనర్‌కు బహిరంగ లేఖ

నేషనల్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్ కమిషనర్ ఆడమ్ సిల్వర్ గారికి,

నమస్కారం.

మీ లీగ్ ఛాంపియన్ల జాబితాలో 1948 పక్కన బాల్టిమోర్ బుల్లెట్స్ పేరుంది. అదే ఏడాది మినియాపొలిస్ లేకర్స్ కూడా ఒక ప్రొఫెషనల్ లీగ్ టైటిల్ గెలిచింది. ఆనాటి మేటి ఆటగాడు జార్జ్ మైకన్ ఆడిన ఆ జట్టే 1960లో లాస్ ఏంజెలిస్‌కు మారి ఇప్పటికీ ఆడుతోంది. బాల్టిమోర్ జట్టు 1954 నవంబరులో, సీజన్ నడుస్తుండగానే మూతపడింది. మీ జాబితాలో టైటిల్ ఉండి కూడా కనుమరుగైన జట్టు అదొక్కటే. దాని గెలుపును మీరు ఇన్నేళ్లుగా పదిలంగా ఉంచారు, అది మంచి పని. కానీ ఇప్పటికీ ఉన్న జట్టు సాధించిన గెలుపు మాత్రం మీ లెక్కలోకి రాలేదు. బాల్టిమోర్ ఆడింది బాస్కెట్‌బాల్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా, అంటే బీఏఏలో. లేకర్స్ ఆడింది నేషనల్ బాస్కెట్‌బాల్ లీగ్, అంటే ఎన్‌బీఎల్‌లో. ఆ రెండు లీగులూ 1949లో కలిస్తేనే మీ ఎన్‌బీఏ ఏర్పడింది. మీరు మాత్రం పుట్టినరోజును 1946గా, బీఏఏ పుట్టిన రోజుగా లెక్కపెడుతున్నారు. 2021-22లో 75 ఏళ్ల పండుగ జరిపింది కూడా ఆ లెక్కతోనే.

ఎన్‌బీఎల్ 1937 నుంచి 1949 దాకా నడిచింది. ఆ పన్నెండు సీజన్లనూ మీ చరిత్రలోకి తీసుకోవాలని అడగడానికే ఈ ఉత్తరం.

మీకు రాసే ఉత్తరం తెలుగులో ఎందుకంటే, ఇది మావాళ్లు కూడా చదవాలి. మీ మ్యాచ్‌లు మాకు తెల్లవారుజామున మొదలవుతాయి. హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖపట్నంలో కాలేజీకి బయల్దేరేలోపు ఫోన్‌లో నాలుగో క్వార్టర్ చూసే పిల్లలున్నారు. డాలస్‌లో, బే ఏరియాలో, న్యూజెర్సీలో పెరుగుతున్న మన పిల్లలకైతే మీ జట్లే సొంతూరి జట్లు. వాళ్లు తొడుక్కునే జెర్సీ ఏ ఊళ్లో పుట్టిందో, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో వాళ్లకు తెలియాలి. ఆ చరిత్ర చెప్పాల్సిన మొదటి బాధ్యత మీది.

ఎన్‌బీఎల్ వెనక ఫ్యాక్టరీలున్నాయి. జనరల్ ఎలక్ట్రిక్, ఫైర్‌స్టోన్, గుడ్‌ఇయర్ కంపెనీలు ముందుండి 1937లో దాన్ని నిలబెట్టాయి. ఒహాయోలోని ఆక్రన్ టైర్ల ఊరు. అక్కడ ఫైర్‌స్టోన్ వారి నాన్-స్కిడ్స్, గుడ్‌ఇయర్ వారి వింగ్‌ఫుట్స్ అని రెండు జట్లుండేవి. మొదటి మూడు టైటిళ్లూ ఆ ఒక్క ఊరికే వెళ్లాయి. ఇండియానాలోని ఫోర్ట్ వేన్‌లో ఫ్రెడ్ జాల్నర్ ఇంజన్లకు పిస్టన్లు పోతపోసే కంపెనీ నడిపేవాడు. ఆయన జట్టు 1941లో లీగులో చేరింది. 1944, 1945లో వరుసగా ఛాంపియన్ అయింది. ఈనాటి డెట్రాయిట్ పిస్టన్స్ అదే. ఇండియానాపొలిస్ జట్టును నడిపిన ఫ్రాంక్ కౌట్‌స్కీ కిరాణా వ్యాపారి. ఆండర్సన్ జట్టు డఫీ కుటుంబం వారి మాంసం ప్యాకింగ్ కంపెనీది. సిరక్యూస్ జట్టు యజమాని డానీ బయాసోన్ ఇటలీ నుంచి వలస వచ్చి, బంతిని దొర్లించి పిన్నులు పడగొట్టే బౌలింగ్ ఆట కేంద్రం నడుపుకుంటూ బతికినవాడు. పెద్ద పెట్టుబడిదారులు ఈ ఆటవైపు కన్నెత్తి చూడని రోజుల్లో సొంత డబ్బు పెట్టి దాన్ని బతికించింది వీళ్లే.

బీఏఏ దారి వేరు. 1946 జూన్‌లో న్యూయార్క్‌లో సమావేశమై దాన్ని పెట్టింది పెద్ద నగరాల్లో ఇండోర్ స్టేడియాలున్న యజమానులు. వాళ్లలో చాలామందికి అప్పటికే ఐస్ హాకీ జట్లున్నాయి. హాకీ లేని రాత్రుళ్లు హాళ్లు ఖాళీగా ఉండేవి, వాటిని నింపడానికి మరో ఆట కావాలి. 1946 నవంబరు 1న టొరంటోలోని మేపుల్ లీఫ్ గార్డెన్స్‌లో తొలి మ్యాచ్ జరిగింది. న్యూయార్క్ నికర్‌బాకర్స్ 68-66తో టొరంటో హస్కీస్‌ను ఓడించింది. హస్కీస్ ఆ ఒక్క సీజన్‌తోనే ముగిసిపోయింది. క్లీవ్‌లాండ్ రెబెల్స్, డెట్రాయిట్ ఫాల్కన్స్, పిట్స్‌బర్గ్ ఐరన్‌మెన్ కూడా అంతే. మొదటి ఏడాది బరిలోకి దిగిన పదకొండు జట్లలో ఇప్పటికీ ఉన్నవి మూడే: సెల్టిక్స్, నిక్స్, వారియర్స్.

బీఏఏకు హాళ్లున్నాయి, నగరాలున్నాయి, పేపర్ల దృష్టి ఉంది. ఆట తెలిసినవాళ్లు ఎక్కువమంది ఎన్‌బీఎల్‌లో ఉన్నారు. అందుకే 1948లో బీఏఏ నాలుగు ఎన్‌బీఎల్ జట్లను తనలోకి లాక్కుంది. మినియాపొలిస్, రోచెస్టర్, ఫోర్ట్ వేన్, ఇండియానాపొలిస్ అలా వెళ్లినవే. మరుసటి ఏడాది ఆగస్టు 3న రెండు లీగులూ ఒక్కటై ఎన్‌బీఏ పేరు పెట్టుకున్నాయి. ఆ సీజన్‌లో మొత్తం పదిహేడు జట్లు ఆడాయి.

తర్వాత ఏం జరిగిందో మీ జాబితాలోనే ఉంది. 1949లో లేకర్స్, 1950లో లేకర్స్, 1951లో రోచెస్టర్ రాయల్స్, ఆ తర్వాత మూడేళ్లు వరుసగా మళ్లీ లేకర్స్, 1955లో సిరక్యూస్ నేషనల్స్. వరుసగా ఏడు టైటిళ్లు, ఏడూ ఎన్‌బీఎల్ నుంచి వచ్చిన జట్లవే. 1956లో ఫిలడెల్ఫియా వారియర్స్ గెలిచేదాకా పాత బీఏఏ జట్టుకు టైటిల్ దక్కలేదు. ఎన్‌బీఎల్ రెండో తరగతి లీగు అనేవాళ్లకు ఇంతకు మించిన జవాబు అవసరం లేదనుకుంటాను.

ఇంకో లెక్క చూడండి. 1950ల చివరికి మీ లీగులో మిగిలినవి ఎనిమిదే జట్లు. ఆ ఎనిమిదీ ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో ఐదు ఎన్‌బీఎల్ నుంచి వచ్చినవి: పిస్టన్స్, లేకర్స్, రోచెస్టర్ నుంచి ఊళ్లు మారుతూ శాక్రమెంటో చేరిన కింగ్స్, ట్రై-సిటీస్ నుంచి మిల్వాకీ, సెయింట్ లూయిస్ మీదుగా అట్లాంటా వెళ్లిన హాక్స్, సిరక్యూస్ నుంచి 1963లో ఫిలడెల్ఫియాకు వెళ్లి సెవెంటీసిక్సర్స్ అయిన జట్టు. పునాది రాళ్లలో ఐదు ఒక వైపువైతే, మీరు చరిత్రను రెండో వైపు నుంచే మొదలుపెడుతున్నారు. ఇది పెళ్లి శుభలేఖలో మగపెళ్లివారి తాతముత్తాతల పేర్లన్నీ అచ్చేయించి, ఆడపెళ్లివారి పేర్లు వదిలేసినట్టుంది.

ఈ రోజు మీ ఆటకు ఊపిరైన 24 సెకన్ల గడియారం, అంటే బంతి అందిన 24 సెకన్లలోపు షాటు వేయాలనే నిబంధన, కూడా ఆ వైపు నుంచి వచ్చిందే. 1950 నవంబరులో ఫోర్ట్ వేన్ జట్టు బంతిని చేతిలో పెట్టుకుని కాలం గడిపి, లేకర్స్ మీద 19-18తో గెలిచింది. అలాంటి ఆట చూడటానికి డబ్బిచ్చి ఎవరూ రారు. ఒక మంచి మ్యాచ్‌లో రెండు జట్లూ కలిసి 120 షాట్ల దాకా వేస్తాయని సిరక్యూస్ వారు లెక్క కట్టారు. 48 నిమిషాలంటే 2,880 సెకన్లు. దాన్ని 120తో భాగిస్తే 24. బయాసోన్ పట్టుబట్టడంతో 1954లో అది నిబంధన అయింది. ఈ లెక్కలో లియో ఫెరిస్ అనే ఆయనకూ పాలుందని చెబుతారు. ఇవాళ హాక్స్‌గా ఉన్న జట్టును 1946లో బఫెలోలో మొదలుపెట్టినవాళ్లలో ఆయనొకడు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమనుకుంటున్న విషయానికి వస్తాను.

మీ చరిత్రలో నల్లజాతి ఆటగాళ్ల కథ 1950లో మొదలవుతుంది. చక్ కూపర్, నాట్ 'స్వీట్‌వాటర్' క్లిఫ్టన్, ఎర్ల్ లాయిడ్. ఆ ముగ్గురినీ మీరు గౌరవించడం పూర్తిగా న్యాయం. అయితే బీఏఏ నడిచిన మూడు సీజన్లలోనూ ఒక్క నల్లజాతి ఆటగాడు లేడు. ఆ లీగు నుంచే చరిత్ర మొదలుపెట్టడం వల్ల 1950 అనేది మొదటి తలుపులా కనిపిస్తుంది. ఎన్‌బీఎల్‌లో ఆ తలుపు అంతకు చాలా ముందే తెరుచుకుంది. యుద్ధానికి కుర్రాళ్లు వెళ్లిపోయిన 1942లో షికాగో స్టూడ్‌బేకర్స్, టొలీడో జట్లు నల్లజాతి ఆటగాళ్లను తీసుకున్నాయి. 1946లో రోచెస్టర్ యజమాని లెస్ హారిసన్ డాలీ కింగ్‌ను, బఫెలో జట్టు పాప్ గేట్స్‌ను తీసుకున్నాయి. బేస్‌బాల్‌లో వర్ణవివక్ష గోడను కూల్చినవాడిగా పేరున్న జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున మైదానంలోకి దిగింది 1947 ఏప్రిల్‌లో. అంటే ఈనాటి కింగ్స్, హాక్స్ జట్ల పూర్వీకులు అంతకన్నా ముందే ఆ పని చేశారు. ఆ సీజన్ తర్వాత గేట్స్‌కూ కింగ్‌కూ ఆ జట్లలో చోటు లేకుండా పోయింది. అది కూడా చెప్పాల్సిన చరిత్రే.

పాప్ గేట్స్ పేరు ఎక్కువగా వినిపించేది న్యూయార్క్ రెనసాన్స్ జట్టుతో. అందరూ రెన్స్ అనేవారు. కరీబియన్ దీవుల్లోని సెయింట్ కిట్స్ నుంచి వచ్చిన బాబ్ డగ్లస్ 1923లో న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో ఆ జట్టును పెట్టాడు. రెనసాన్స్ డ్యాన్స్ హాలు వాళ్ల సొంత కోర్టు. జనం డ్యాన్స్ చేసే నేల మీదే మ్యాచ్ ఆడేవారు. ఏ పెద్ద లీగూ చేర్చుకోకపోవడంతో బస్సులో ఊరూరా తిరిగి ఆడారు. చాలా ఊళ్లలో హోటళ్లు గది ఇచ్చేవి కావు, భోజనశాలలు అన్నం పెట్టేవి కావు. అలా తిరుగుతూనే 1932-33లో వరుసగా 88 మ్యాచ్‌లు గెలిచారు. 1939లో షికాగోలో తొలి ప్రపంచ ప్రొఫెషనల్ టోర్నమెంట్ జరిగితే ఫైనల్లో ఎన్‌బీఎల్ జట్టు ఆష్‌కోష్ ఆల్-స్టార్స్‌ను 34-25తో ఓడించి కప్పు అందుకున్నారు. ఆష్‌కోష్ సామాన్యమైన జట్టు కాదు, తర్వాత 1941, 1942లో వరుసగా అది ఎన్‌బీఎల్ ఛాంపియన్ అయింది.

1948లో అదే టోర్నమెంట్ ఫైనల్లో రెన్స్ ఎదుట నిలిచింది మైకన్ ఆడుతున్న మినియాపొలిస్ లేకర్స్. లేకర్స్ 75-71తో గెలిచింది, మైకన్ 40 పాయింట్లు వేశాడు. తర్వాత ఆరేళ్లలో ఐదు టైటిళ్లు గెలవబోయే జట్టుకూ రెన్స్‌కూ మధ్య తేడా నాలుగు పాయింట్లు. ఆ రోజు రెన్స్‌కు ఆడినవాళ్లలో క్లిఫ్టన్ ఒకడు. రెండేళ్ల తర్వాత నిక్స్ తీసుకున్న క్లిఫ్టన్ ఆయనే.

ఆ ఏడాది డిసెంబరులో డెట్రాయిట్ వాగబాండ్ కింగ్స్ అనే ఎన్‌బీఎల్ జట్టు సీజన్ మధ్యలో చేతులెత్తేసింది. ఆ ఖాళీలోకి రెన్స్ వచ్చారు. హార్లెమ్ వదిలి ఒహాయోలోని డేటన్‌కు మారి డేటన్ రెన్స్ అయ్యారు. ఆటగాళ్లంతా నల్లజాతి వారే అయిన జట్టు ఒక పెద్ద ప్రొఫెషనల్ లీగులో ఆడటం అదే మొదలు. ఆడుతూనే కోచ్‌గా కూడా ఉన్నది పాప్ గేట్స్. ఎన్‌బీఏలో తొలి నల్లజాతి కోచ్‌గా బిల్ రస్సెల్ సెల్టిక్స్ పగ్గాలు పట్టింది 1966లో. గేట్స్ అంతకు 18 ఏళ్ల ముందు.

డెట్రాయిట్ వదిలేసి వెళ్లిన 2 గెలుపులు, 17 ఓటములు కూడా డేటన్ ఖాతాలోనే పడ్డాయి. తమవి కాని ఓటములు నెత్తిన పెట్టుకుని ఆట మొదలుపెట్టి, మిగిలిన 40 మ్యాచ్‌లలో 14 గెలిచారు. ఊరి జనం పెద్దగా రాలేదు. ముఖ్యమైన ఆటగాళ్లకు వయసు మీదపడింది. అయినా సీజన్ చివరిదాకా నిలబడ్డారు. వేసవిలో రెండు లీగులు కలిసే ఒప్పందం కుదిరినప్పుడు, కొత్త లీగులోకి వెళ్లిన జట్లలో డేటన్ లేదు. ఆటగాళ్లలో హ్యాంక్ డిజోనీ 1950లో ట్రై-సిటీస్ తరఫున ఐదు మ్యాచ్‌లు ఆడాడు. గేట్స్ ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

బాస్కెట్‌బాల్ మేటివారిని గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్ 1963లోనే రెన్స్‌ను జట్టు మొత్తంగా చేర్చుకుంది. 1972లో డగ్లస్‌ను, 1989లో గేట్స్‌ను చేర్చుకుంది. కానీ హాల్ ఆఫ్ ఫేమ్ వేరు, మీ లీగు వేరు. మీ లీగు చరిత్ర ఎన్‌బీఎల్‌ను కలుపుకుంటే డేటన్ రెన్స్ వాటంతట అవే లోపలికి వస్తాయి. గేట్స్ మీ తొలి కోచ్‌లలో ఒకడవుతాడు, డాలీ కింగ్ శాక్రమెంటో ఆటగాడవుతాడు. మీరు కలుపుకోనంత కాలం వాళ్లు మీ కథకు బయటే ఉంటారు. 1949లో ఆ పని ఒకసారి జరిగింది. ఇప్పుడు దాన్ని కొనసాగిస్తున్నది రికార్డు పుస్తకం.

చిన్న ఊళ్ల సంగతి కూడా ఒక మాట. మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న షెబాయ్‌గన్, అయోవాలోని వాటర్‌లూ, ఇండియానాలోని ఆండర్సన్ 1949-50లో ఎన్‌బీఏ ఊళ్లు. ఆండర్సన్ ఆ ఏడాది సెమీఫైనల్ దాకా వెళ్లింది. సీజన్ అయిపోగానే ఆ మూడూ, అప్పటి డెన్వర్ నగెట్స్‌తో పాటు లీగుకు దూరమయ్యాయి. పెద్ద నగరాల టికెట్ రాబడితో అవి పోటీపడలేకపోయాయి. ఆ వ్యాపార నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. ఆ ఊళ్లకు దక్కాల్సిన గుర్తింపు సంగతే అడుగుతున్నాను. టొరంటో రాప్టర్స్ ఒక్క సీజన్‌తో ముగిసిన హస్కీస్ జెర్సీ తొడుక్కుని ఆడితే మీరు సంతోషంగా అనుమతించారు. షెబాయ్‌గన్, ఆష్‌కోష్ జెర్సీలను మిల్వాకీ బక్స్ ఒక్క రాత్రి తొడుక్కుంటే ఆ మూడు ఊళ్లూ ఉన్న విస్కాన్సిన్ రాష్ట్రం ఎంత పొంగిపోతుందో ఆలోచించండి.

ఈ కోరికకు వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. పాత స్కోరు షీట్లు అన్నీ దొరకవంటారు. అప్పటి జట్లలో కొన్ని నెలలకే మూతపడ్డాయంటారు. రెండూ నిజమే, కానీ రెండూ బీఏఏకూ వర్తిస్తాయి. పైగా ఇంతకన్నా కష్టమైన పని బేస్‌బాల్ చేసి చూపించింది. 1920 నుంచి 1948 దాకా నల్లజాతి ఆటగాళ్లతో నడిచిన నీగ్రో లీగులకు 2020 డిసెంబరులో మేజర్ లీగ్ హోదా ఇచ్చింది. 2024 మేలో ఆ గణాంకాలను తన రికార్డుల్లో కలిపింది. దాంతో కెరీర్ బ్యాటింగ్ సగటులో టై కాబ్‌ను దాటి జాష్ గిబ్సన్ మొదటి స్థానానికి వచ్చాడు. దశాబ్దాలుగా అందరికీ కంఠతా వచ్చిన రికార్డు మారిపోయింది. అయినా ఆ ఆట పరువు తగ్గలేదు. అమెరికన్ ఫుట్‌బాల్ కూడా 1960లలో తనతో పోటీపడి, చివరికి తనలో కలిసిన ఏఎఫ్‌ఎల్ అనే లీగు రికార్డులను తనవిగానే లెక్కపెడుతోంది.

అసలు చిక్కు ఇంకొకటి ఉందని నా అనుమానం. సెల్టిక్స్ 2024లో 18వ టైటిల్ గెలిచింది. లేకర్స్‌కు 17 ఉన్నాయి. 1948 ఎన్‌బీఎల్ టైటిల్ కలిపితే ఇద్దరూ సమానమవుతారు. బోస్టన్ అభిమానులు ఊరుకోరు. ఈ గొడవ భయంతో పన్నెండు సీజన్లను తలుపు బయట ఉంచడం సరికాదు. ఎన్‌బీఏ టైటిళ్ల వరుసను ఉన్నదున్నట్టు ఉంచండి, ఎన్‌బీఎల్ టైటిళ్లకు పక్కనే వేరే వరుస పెట్టండి. ఆక్రన్, ఆష్‌కోష్, షెబాయ్‌గన్, ఫోర్ట్ వేన్, రోచెస్టర్, షికాగో, మినియాపొలిస్, ఆండర్సన్: ఎనిమిది ఊళ్ల పేర్లు రావాలి, అంతే. అభిమానులు కావాలంటే కలుపుకుంటారు, వద్దంటే విడిగా చూస్తారు. చూడటానికి ఆ వరుస అంటూ ఉండాలి కదా.

ఆటగాళ్లకూ ఇదే న్యాయం. బాబీ మెక్‌డెర్మట్ ఫోర్ట్ వేన్‌కు ఆడుతూ, కోచ్‌గా ఉంటూ టైటిళ్లు తెచ్చాడు. 1988లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కాడు. మీ గణాంకాల్లో ఆయన పేరున ఒక్క పాయింటు కూడా లేదు. ఆష్‌కోష్‌కు ఆడిన లీరాయ్ ఎడ్వర్డ్స్ మొదటి మూడు సీజన్లలోనూ లీగులో అందరికన్నా ఎక్కువ పాయింట్లు వేశాడు. ఆయన పేరు ఇవాళ ఎవరికీ తెలియదు. మీ వెబ్‌సైట్‌లో ఎన్‌బీఎల్ ఆటగాళ్లకు విడిగా పేజీలు, దొరికినంత మేరకు స్కోర్లు పెడితే పరిశోధన చేసేవాళ్లు మిగతాది పూరిస్తారు. విస్కాన్సిన్, ఇండియానా, ఒహాయో పట్టణాల పాత పేపర్లలో ఎంతో సమాచారం ఉంది.

మా దేశానికి సంబంధించి ఒక ప్రత్యేక మనవి. 2019 అక్టోబరులో ముంబయిలో మీరు తొలిసారి ఎన్‌బీఏ మ్యాచ్‌లు ఆడించారు. మొదటి రోజు హాలు నిండా బడిపిల్లలే. ఆడిన జట్లు ఇండియానా పేసర్స్, శాక్రమెంటో కింగ్స్. కింగ్స్ యజమాని వివేక్ రణదివే ముంబయిలో పుట్టినవాడు. భారత నేల మీద మొదటిసారి అడుగుపెట్టిన మీ రెండు జట్లలో ఒకటి, 1946లో డాలీ కింగ్‌కు చోటిచ్చిన రోచెస్టర్ రాయల్సే. కులం పేరుతో బయట నిలబెట్టడమంటే ఏమిటో మా పిల్లలకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇంకోసారి మీ జట్లు ఇక్కడికి వచ్చినప్పుడు, ఇక్కడి పిల్లలకు మీరు ఆట పాఠాలు చెప్పినప్పుడు ఆ కథ కూడా చెప్పండి. స్టెఫెన్ కర్రీ మూడు పాయింట్ల షాటును చూసి నేర్చుకునే పిల్ల, పాప్ గేట్స్ పేరు కూడా తెలుసుకోవాలి.

పై కోరికల్లో గణాంకాల పనికి ఏళ్లు పడుతుందని అర్థం చేసుకోగలను. డేటన్ రెన్స్ విషయానికి ఏళ్లు అక్కర్లేదు. 1948-49లో వాళ్లు ఎన్‌బీఏకు జన్మనిచ్చిన రెండు లీగుల్లో ఒకదానిలో ఆడారని, పాప్ గేట్స్ వాళ్ల కోచ్ అని, విలీనంలో ఆ జట్టుకు చోటివ్వలేదని మీ లీగు పేరున ఒక అధికారిక ప్రకటన చాలు. ముందు అది చేయండి.

ఇట్లు,
తెల్లవారుజామున మీ మ్యాచ్‌లు చూసే ఒక తెలుగు అభిమాని